ఎనిమిది చాలన్న మనిషి

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను మద్దిలపాలెం డిపో ముందు బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ బావ ఎల్లిపోనాడ్రా" అంది. ఆదివారం పొద్దున్న బావ వెళ్లేది ఒక్క చోటికే కాబట్టి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్‌కేనా అని అడిగాను. అటు నుంచి అక్క ఏడుపు వినబడ్డాక గానీ నా బుర్రకెక్కలేదు. పాల ప్యాకెట్లు తెచ్చి గట్టు మీద పెట్టి, చెప్పులు విప్పి, వరండాలో కుర్చీలో కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు.

పరామర్శకి చాలామంది వచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో బావతో కలిసి పనిచేసినవాళ్లు కూడా వచ్చారు. పిట్టలంటే ప్రాణమని, ఆ పిచ్చికి తగ్గట్టు అంత పెద్ద బైనాక్యులర్ ఇచ్చిన అత్తవారు దొరకడం అదృష్టమని అందరూ అదే మాట. ఒకాయన నా భుజం తట్టి, ఇరవై రెట్లది కొన్నది నువ్వేనట కదా అన్నాడు. ఔనన్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దమనిషి మీద కాదు. ఎవరి మీదో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

బావది పద్మనాభం దగ్గర వరి పండించుకునే కుటుంబం. స్టీల్ ప్లాంట్ యార్డులో క్రేన్ నడిపేవాడు. పైన కేబిన్‌లో కూర్చుంటే గద్దలు తన కళ్లకి సమంగా ఎగిరేవట, అక్కడ పట్టుకుంది పిచ్చి. చెయ్యి ఎంత నిదానమంటే, టన్నుల బరువు దిమ్మని చప్పుడు కాకుండా నేల మీద పెట్టేవాడని తోటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చేతుల సంగతి గుర్తుంచుకోండి.

తొంభైల మొదట్లో అక్క పెళ్లయింది. మా వైపు పెళ్లిలో అలక వేడుక ఉంటుంది. తాళి కట్టడం అయ్యాక కొత్తల్లుడు మంచమెక్కి మూతి ముడుచుకుని కూర్చుంటాడు, అత్తవారు ఏదో ఒకటి ఇస్తామంటే గానీ దిగడు. వాచీయో టేప్ రికార్డరో అడుగుతాడని నాన్న సిద్ధపడే ఉన్నాడు. బావ దుర్భిణి కావాలన్నాడు. పందిరంతా పగలబడి నవ్వింది. మా అత్త ఒకావిడ, పెళ్లాం పక్కనుండగా దూరం చూపులెందుకయ్యా అని ఏడిపించింది. బావ సిగ్గుపడ్డాడు గానీ మాట మార్చలేదు. తర్వాత నన్ను పక్కకి పిలిచి జేబులోంచి ఓ చీటీ తీసిచ్చాడు. దాని మీద 8×40 అని రాసి ఉంది.

"ఎనిమిది సాలు బావా. అంతకన్నా పెద్దదొద్దు" అన్నాడు.

ఆ మాటని నేనెలా విన్నానో చెప్పాలి. కొత్తల్లుడు అత్తారింట్లో విస్తరి ముందు కూర్చుని చాలు చాలంటాడు. కడుపు నిండకపోయినా అలాగే అంటాడు. వినకుండా ఇంకో గరిటె వెయ్యడం మన మర్యాద. నిజంగానే చాలనుకుని గిన్నె వెనక్కి తీసుకుంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. బావ ఎనిమిది చాలంటే నేనూ అలాగే విన్నాను. పాపం మొహమాటపడుతున్నాడు అనుకున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆటోనగర్‌లో లేత్ మీద పని. మిషన్ల సంగతి నాకు తెలిసినంత మరెవరికి తెలుసన్న పొగరు ఉండేది. పోర్టు దగ్గర, పాతూళ్లో, ఓడల్లోంచి దిగిన సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాను. ముసలాయన బల్ల మీద రెండు బైనాక్యులర్లు పెట్టాడు. ఒకటి చిన్నది, చీటీలో రాసిన నంబరే, రబ్బరు అక్కడక్కడా అరిగిపోయి ఉంది. రెండోది నల్లగా, బరువుగా, నిగనిగలాడుతూ ఉంది. దాని మీద 20×60 అని ఉంది. రెండింటికీ ధరలో పెద్ద తేడా లేదు. ఓడలో పనిచేసేవాళ్లు ఏడు రెట్లదో ఎనిమిది రెట్లదో వాడతారు, ఇరవై చేత్తో పట్టుకోవడం కష్టం అని ముసలాయన చెప్పాడు కూడా. పాత సరుకు అంటగడుతున్నాడు అనుకున్నాను. పెద్దది తీసి కళ్లకి పెట్టుకుంటే పోర్టులో క్రేన్ కొక్కెం మీద తుప్పు కనబడింది. అంత చవగ్గా అంత పెద్ద నంబరు దొరుకుతుంటే ఎనిమిది కొనేవాడు వెర్రివాడు కాక ఏమిటి? చూస్తున్నప్పుడు నా మోచేతులు రెండూ బల్ల మీద ఆనించి ఉన్నాయన్న సంగతి చాలా ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది.

నాన్న చేతుల మీదుగా ఇప్పించాం. బావ పెట్టె తెరిచాడు, నంబరు చూశాడు. కళ్లకి పెట్టుకుని వీధి చివర కరెంటు స్తంభం మీదున్న కాకి వైపు తిప్పాడు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం. బాగుందా అల్లుడూ అని నాన్న అడిగాడు. బాగుంది మావా అన్నాడు బావ. నా వైపు మాత్రం చూడలేదు. అల్లుడు ఎనిమిది అడిగితే ఇరవై ఇచ్చామని నాన్న ఏడాది పాటు ఊరంతా చెప్పుకున్నాడు. నేను అంతకన్నా ఎక్కువే చెప్పుకున్నాను.

తర్వాత మార్చుకోవచ్చు కదా అంటారు మీరు. అలకకి ఇచ్చిన వస్తువు మార్చడమంటే పదిమందిలో మామగారి చేతిని తోసెయ్యడమే. ఇంకోటి కొనుక్కుంటే మరీ అన్యాయం, ఇచ్చింది పనికిరాలేదని చాటినట్టు. బావ ఆ రెండూ చెయ్యలేదు. నాన్న బతికున్నంత కాలం ఆ బరువు మెడలో వేసుకుని తిరిగాడు.

ఆదివారాలు బావా అక్కా స్కూటర్ మీద మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్‌కి వెళ్లేవారు. చలికాలం వస్తే ఆ నీళ్ల మీదకి ఎక్కడెక్కడి బాతులో దిగుతాయి. నేనూ అప్పుడప్పుడు వెంటపడేవాణ్ణి, నేను కొన్నదాని వైభవం చూసుకోవడానికి. దాన్ని చేత్తో పట్టుకుని చూస్తే నీళ్లూ పిట్టలూ కలిసి గంతులేసేవి. స్టాండుకి బిగించడానికి దానికి స్క్రూ పట్టే మరచుట్టు లేదు. వెదురు కర్రకి కట్టి చూశాడు గానీ, కర్ర తిప్పేలోగా పిట్ట ఎగిరిపోయేది. ఆఖరికి అక్కని ముందు నిలబెట్టి ఆమె కుడి భుజం మీద ఆనించి చూడ్డం మొదలెట్టాడు. మీ అక్కే నా స్టాండు, అటు తిరగమంటే అటు తిరుగుతాది అని నన్ను చూసి నవ్వేవాడు. అక్క నవ్వితే చెరువంతా ఎగిరిపడేది. "నవ్వకే, ఊపిరాపు" అనేవాడు. అక్క ఊపిరి బిగబట్టేది.

ప్లాంట్‌లో స్నేహితులు వచ్చి ఒకసారి చూస్తామని తీసుకునేవారు. గోడకి ఆనించి చూసి, పెళ్లాం భుజం కావాల్సొచ్చిందంటే నీ చేతులు వణుకుతున్నాయేమో గానీ వస్తువు మాత్రం బ్రహ్మాండం అనేవారు. టన్నుల దిమ్మని చప్పుడు లేకుండా దించే మనిషితో ఆ మాట అనేవారు.

ఎలా ఉంది నేను కొన్నది అని నేను అడిగేవాణ్ణి, సిగ్గులేకుండా. "దగ్గరైతే సాలదు బావా, నిలబడాల" అనేవాడు. పిట్టల గురించి అంటున్నాడనుకునేవాణ్ణి. పెద్దగా కనబడ్డం ఏరు, బాగా కనబడ్డం ఏరు అని ఇంకోసారి అన్నాడు. దానికీ తల ఊపాను. ఆయనకో నోటు పుస్తకం ఉండేది, చూసిన పిట్టల పేర్లు రాసుకునేవాడు. సూదితోక బాతులు, కావచ్చు. నీటికాకి, కావచ్చు. ప్రతి పేరు పక్కనా ఆ కావచ్చు ఎందుకని ఎగతాళి చేశాను. ఏదీ ఒక్క నిమిషం కుదురుగా కనబడదు కదా అన్నాడు. అప్పుడు కూడా నాకు వెలగలేదు.

నాన్న పోయిన రెండేళ్లకి, అంటే రెండు వేలు దాటిన నాలుగైదేళ్లకి, ఓ ఆదివారం నేనొక్కణ్ణే గెడ్డ దగ్గరికి వెళ్లాను. అక్కడికి కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చిన ఒక లెక్చరరమ్మ తన చిన్న బైనాక్యులర్ ఇచ్చి చూడమన్నారు. నీళ్లలో పాతిన కర్ర మీద లకుముకి పిట్ట ఉంది. కదల్లేదు. కర్రా కదల్లేదు. ముక్కు చివర నీటిబొట్టు వేలాడుతోంది, అది రాలేదాకా చూశాను. ఇదెన్ని రెట్లండీ అని అడిగాను. ఎనిమిది అన్నారావిడ.

ఆవిడ చెప్పింది మీకూ చెబుతాను, మీలో ఎవరైనా కొనబోతుంటే పనికొస్తుంది. మొదటి నంబరు ఎంత దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. పిట్టని ఎన్ని రెట్లు పెంచుతుందో మీ చేతి వణుకునీ అన్ని రెట్లు పెంచుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి వెలుగు ఎంత అందుతుందో తెలుస్తుంది. నలభైని ఎనిమిదితో భాగిస్తే అయిదు. నేను కొన్నదానికి మూడు. పిట్టలు తిరిగేది తెల్లవారుజామున, ఆ మసక వెలుతురులో ఈ తేడా చాలా పెద్దది. పైగా నంబరు పెరిగేకొద్దీ కనబడే మేర ఇరుకైపోతుంది, పిట్ట ఎగిరిందంటే మళ్లీ దొరకదు. తక్కువ డబ్బుకి పెద్ద నంబరు ఇస్తున్నారంటే అద్దం నాణ్యతలో ఎక్కడో కోత పెట్టారనే అర్థం. దుకాణంలో చూసేటప్పుడు బల్లకి దూరంగా, దేనికీ ఆనుకోకుండా నిలబడి చూడండి. నాకు ఇవన్నీ ఓ ముసలాయన ఒక్క వాక్యంలో చెప్పాడు, మా బావ ఒక చీటీ మీద రాసిచ్చాడు.

ఆ వారంలోనే 8×40 ఒకటి కొన్నాను. మరుసటి ఆదివారం బావ చేతిలో పెట్టాను. బావ దాన్ని కళ్లకి పెట్టుకోబోతుంటే అక్క అలవాటుగా వచ్చి ముందు నిలబడింది. బావ ఆమెని రెండు చేతులతో మెల్లగా పక్కకి జరిపాడు. అక్కకి ఎక్కడ నిలబడాలో తెలియక చీర కొంగు మెలిపెడుతూ ఉండిపోయింది. బావ చాలాసేపు చూశాడు. దించినప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి. దాన్ని మూత పెట్టి నా చేతికిచ్చేశాడు.

"నీ కాడే ఉంచు. ఇందులో సూత్తంటే ఇన్నాళ్లూ నాను సూడంది ఏటో తెలిసిపోతంది బావా. నాకొద్దు."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడం కాదు, అరిచాను.

"మీ నాన్న సేత్తో ఇచ్చినాడు. నువ్వేమో ఎదురుగుండా నిలబడి సంబరంగా సూత్తన్నావు. ఏటని సెప్పమంటావు?"

మంచితనం మీద కూడా కోపం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క మాట అని ఉంటే, చాటుగా నా చెవిలో అని ఉంటే, నేను ఆ రోజే పరిగెత్తుకెళ్లి మార్చుకొచ్చేవాణ్ణి. అనలేదు. నన్ను పొగరుగానే తిరగనిచ్చాడు. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. ఎక్కువ నా మీదే, కొంచెం ఆయన మీద కూడా. పోయినవాళ్లని తప్పు పట్టకూడదంటారు, అయినా ఆయన నా బావ, ఆ మాత్రం హక్కు నాకుంది.

పన్నెండో రోజు అయ్యాక అక్క ఆ నోటు పుస్తకం నాకిచ్చింది. ఏళ్ల తరబడి, పేజీ తర్వాత పేజీ, అన్నీ కావచ్చులే. చివర్లో నేను 8×40 తెచ్చిన ఆదివారం నాటి రాత ఒకటి ఉంది. "సూదితోక బాతులు. మగవి నాలుగు, ఆడవి మూడు. మగదాని మెడ పక్కన తెల్ల గీత, తల దాకా." కావచ్చు లేదు. ఆ తర్వాత అన్నీ ఖాళీ కాగితాలే. ఆ తర్వాత కూడా ఆయన నాలుగేళ్లు బతికాడు. ప్రతి ఆదివారం ఆ పెద్దదాన్నే మెడలో వేసుకుని అక్కతో గెడ్డకి వెళ్లాడు. రాయడం మాత్రం మానేశాడు. నేను తెచ్చిన మంచి వస్తువు కూడా ఆయన దగ్గర్నుంచి ఏదో లాగేసుకుంది.

నెల దాటాక అక్క ఓసారి అక్కడికి తీసుకెళ్లమంది. నా సంచిలో చిన్నది పెట్టుకున్నాను. అక్క బీరువాలోంచి పెద్దది తీసి తన ఒడిలో పెట్టుకుని స్కూటర్ ఎక్కింది. చలికాలం అయిపోవస్తోంది, బాతులు ఇంకా కొన్ని ఉన్నాయి. గట్టు మీదకి వెళ్లగానే పెద్దది నా చేతికిచ్చి, నీళ్ల వైపు తిరిగి నా ముందు నిలబడింది. కుడి భుజం కొంచెం కిందికి దించింది. దాని అవసరం లేదక్కా, నా దగ్గర ఇంకోటి ఉంది అన్నాను. అక్క వెనక్కి తిరగలేదు.

దాన్ని ఆమె భుజం మీద ఆనించి చూశాను. అక్క ఊపిరి తీసినప్పుడల్లా నీళ్లు, అవతలి గట్టు, బాతులు అన్నీ కలిసి పైకి లేచి కిందికి దిగుతున్నాయి. అన్నేళ్లూ బావ చూసింది ఇదన్నమాట. ఇంతలో అంతా ఒక్కసారి ఆగింది. ఓ మగ బాతు మెడ పక్కన తెల్ల గీత కదలకుండా కనబడింది, తల దాకా. ఎందుకు ఆగిందో తెలియడానికి కాస్త సేపు పట్టింది.

"సాలక్కా, ఊపిరి తీసుకో" అన్నాను.

తీసుకోలేదు.