చాటల నడుమ నవల

కరీంనగర్‌లో మేముండే కాలనీలో నెలకొక ఆదివారం సాయంత్రం ఆడవాళ్లం పదిహేను మందిమి ఒకచోట కూర్చుని, ఎవరం ఏ పుస్తకం చదువుతున్నామో, అది ఎందుకు నచ్చిందో చెప్పుకుంటాం. మొదటిసారి మా కోడలి బలవంతం మీద వెళ్లాను గాని ఇప్పుడు ఆ ఆదివారం ఎప్పుడొస్తుందా అని నేనే క్యాలెండర్ చూస్తున్నాను. మొన్న బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి తాను చదువుతున్న నవల గురించి ఎంతో ముచ్చటగా చెప్పుకొచ్చి, చివరికొచ్చేసరికి టక్కున ఆగి, ముగింపు చెప్తే మీకు చదవబుద్ధి కాదు, చెప్పనుగాక చెప్పనంది. అందరితోపాటు నేనూ నవ్వాను గాని, నా మనసు మాత్రం నలభై ఏళ్లు వెనక్కి, కోరుట్ల దగ్గరి మా అత్తగారి ఊళ్లో తంబాకు వాసన కొట్టే ఒక వసారాలోకి వెళ్లిపోయింది. అక్కడ ఒక నవలకు నేను ముగింపు మార్చి చదివాను. ఇన్నేళ్లకు ఆ సంగతి చెప్పుకోవాలనిపిస్తోంది.

నేను పుట్టి పెరిగింది మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరి ఇచ్చోడలో. మా బాపు బడిపంతులు కావడంతో మా ఇంట్లో గిన్నెలకంటే పుస్తకాలే ఎక్కువని అవ్వ సణుగుతుండేది. పెండ్లై నేను అత్తగారింటికి బయల్దేరేనాడు బాపు నా ట్రంకుపెట్టె అడుగున, చీరెల కింద, ఏడు నవలలు సర్ది, అత్తింటివాళ్లు ఏమనుకుంటారో, ఓ ఏడాదిదాకా బయటికి తీయకు బిడ్డా అని చెవిలో చెప్పాడు. పెండ్లైన మూడో నెలలోనే మా ఆయన మస్కట్ వెళ్లిపోయారు. అత్తగారి వాడలో సగం ఇళ్ల మగవాళ్లు అట్లా గల్ఫుకు పోయినవాళ్లే కాబట్టి దాన్నెవరూ వింతగా చూడలేదు. ఇంట్లో మా అత్తమ్మ, నేను, ఆ ట్రంకుపెట్టె మిగిలాం.

ఆ ఊళ్లో ఇంటింటా బీడీలు చుట్టేవాళ్లు. పొద్దున తిండి కాగానే చుట్టుపక్కల ఆడవాళ్లు పదీ పన్నెండు మంది తడిగుడ్డలో మూటకట్టిన తునికాకు, తంబాకు, దారం, కత్తెర చాటలో పెట్టుకుని మా వసారాలోకి వచ్చేవాళ్లు. పొద్దు వాలేదాకా వాళ్ల వేళ్లు ఆగేవి కావు. నాకేమో ఎంత నేర్పినా ఆ పని పట్టుబడలేదు. నేను చుట్టినవాటిలో ఒకటి బొటనవేలంత లావుగా, ఇంకొకటి పట్టుకుంటేనే విడిపోయేలా ఉండేది. అసలే నా మాటల్లో దొర్లే మరాఠీ ముక్కలకు నవ్వుకునే వాళ్లకు నా బీడీలు ఇంకో వినోదం.

మధ్యాహ్నం అత్తమ్మ నడుం వాల్చినప్పుడు వడ్ల గుమ్మి చాటున కూర్చుని దొంగతనంగా చదువుకునేదాన్ని. ఒకరోజు తలెత్తి చూస్తే అత్తమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి, "ఏం రాసుంది గిందుల?" అని అడిగింది. మొదటినుంచి నేను చదివిన వరకు కథంతా చెప్పాను. ఆమె అక్కడే చతికిలబడి విని, మల్ల ఏమైందని అడిగింది. ఇంకా చదవలేదన్నాను. మరునాడు అందరూ కూర్చున్నాక ఆమె తీర్పు చెప్పినట్టు చెప్పింది.

"గీ పిల్లకు బీడీలు చుట్టుడు ఈ జన్మల రాదు. కూసోని సదువుతది, మనం చుట్టుకుంట ఇందాం. తలా గిన్ని బీడీలు దాని చాటల ఎయ్యుండ్రి."

నా ఉద్యోగం అట్లా మొదలైంది. చదువురాని ఆడవాళ్లు నవల వినే తీరు చూడాల్సిందే. ఒకావిడ తప్పు చేస్తున్న పాత్రను పేరుపెట్టి తిట్టేది. ఇంకొకావిడ, మా మేనమామ అచ్చం గిట్లనే చేసిండని మొదలుపెట్టి, నవలను అక్కడే నిలబెట్టి ఆ మేనమామ కథ మొత్తం చెప్పేది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి వెళ్లినప్పుడు మా వాళ్లు ఆనాటి కథను పక్క వాడల వాళ్లకు చెప్పేవాళ్లు. వాళ్లు నీళ్లు పట్టుకునే బోరింగు దగ్గర ఇంకొందరికి చెప్పేవాళ్లు. నాకు పరిచయం లేని ముసలమ్మలు కూడా దారిలో ఆపి, గా పిల్లకు లగ్గమైందా లేదా అని అడిగేవాళ్లు.

రెండు నవలలయ్యాక మూడోది తీశాను. అట్ట ఊడిపోయిన పాత పుస్తకం, పేరు కూడా తెలియదు. నది ఒడ్డున ఒక చిన్న పట్నం, కొత్తగా పెండ్లైన అమ్మాయి, ఓడెక్కి దూరదేశం వెళ్లిన భర్త. కొన్నాళ్లకు అతని ఉత్తరాలు ఆగిపోతాయి. వింటున్న వాళ్లలో మా పక్కింటి అక్క ఉండేది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. వాళ్లాయన దుబాయి వెళ్లి రెండేళ్లు, ఉత్తరం రాక ఏడు నెలలు. అందరికంటే వేగంగా బీడీలు చుట్టేది, అందరికంటే తక్కువ మాట్లాడేది. ఎప్పుడూ గోడ వారన కూర్చునే మనిషి ఈ నవల మొదలయ్యాక రోజురోజుకూ నా దగ్గరికి జరిగి కూర్చోసాగింది.

చివరి అధ్యాయం వినిపించాల్సిన ముందురోజు మధ్యాహ్నం దాన్ని ఒంటరిగా చదివేసి నేను నీరుగారిపోయాను. భర్త రాడు. అతను పోయాడన్న కబురు వస్తుంది. ఆ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని, తిండి మానేసి, ఎదురుచూస్తూనే కన్నుమూస్తుంది. అక్క మొహంలోకి చూస్తూ ఈ మాటలు ఎట్లా చదవాలి? మరునాడు చదవాల్సింది చదివి, ఆ కబురొచ్చే చోటికి రాగానే పుస్తకంలోకి చూస్తూనే కథను నా సొంతంగా అల్లేశాను. ఓడ వచ్చింది, గడ్డం పెరిగిన మనిషి దిగాడు, ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ ఎదురెళ్లింది. వసారాలో ఒక్కసారిగా సంబరం. అత్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఎవరో ఇంటికి పరుగెత్తి బెల్లం, పుట్నాలు తెచ్చి అందరికీ పంచారు. అక్క మాత్రం చాట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే అక్క ఇల్లంతా అలికింది, వాకిట్లో ముగ్గేసింది. బస్సు మోత వినబడితే చాలు గడపలోకి వచ్చి నిలబడుతోంది. తరువాతి రోజూ అంతే. మా అత్తమ్మ కూడా గమనించి, "పాపం, గా కథ ఇన్నకాడికెల్లి దాని పానం బస్సు మీదనే ఉంది" అంది. లేని ఆశ పెట్టింది నేనేగా! మూడో రోజు ఇక ఓర్చుకోలేక వాళ్లింటికి వెళ్లి, ఆకు కత్తిరిస్తున్న అక్క ముందు కూర్చుని, ముగింపు నా కల్పన అని ఏడుస్తూ చెప్పేశాను.

ఆమె చేతిలో కత్తెర ఆగనేలేదు. "నాకు ఎరికేనే చెల్లె" అంది.

ఎట్లా తెలిసిందని అడిగాను.

"దినాం జరసేపటికోపారి కాగితం తిప్పేటిదానివి. గా దినం ఓడ వచ్చినకాడికెల్లి ఒక్కపారన్న తిప్పినవా? గంత కథ ఒక్క కాగితంల ఎట్ల పట్టింది?"

మరి బస్సు కోసం ఎందుకు చూస్తున్నావని అడిగాను.

"మా చెల్లె పిల్లలను తోల్కోని వస్త అని కబురంపింది. గిప్పటిదాంక రాలే. నువ్వేమనుకున్నవ్?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నేను వినడం అదే మొదటిసారి. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, నవ్వూ ఆగలేదు. కాసేపటికి ఆమె కత్తెర పక్కన పెట్టి, "నా ఫికర్ నీకెందుకు గని, అసలుది సదువు" అంది.

పుస్తకం తెచ్చి చదివాను. చివరి వాక్యందాకా ఆమె కదలకుండా విన్నది. తరువాత కత్తెర మళ్లీ అందుకుంటూ అంది: "గామెకు చేతిల పనిలేకపాయె. ఉత్తగ కిటికికాడ కూసుంటె పానం పోక ఏం జేస్తది? రేపు అందరికి గిదే సదువు. మేమేమన్న సంటిపిల్లలమా, మాకు సావు తెల్వదా?"

మరునాడు అందరి ముందూ తప్పు ఒప్పుకుని అసలు ముగింపు చదివాను. ఆ తరువాత మొదలైన వాదం వారం రోజులు సాగింది. సగం మంది పుస్తకం పక్షం, సగం మంది నా పక్షం. మా అత్తమ్మ బతికున్నన్నాళ్లూ నా పక్షమే. ఆ రాసినోనికంటె మా కోడలే నయం, అమ్మాయిని చంపలేదు అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఇక పక్క వాడల్లోకి నా ముగింపు అప్పటికే పాకిపోయింది కాబట్టి దాన్ని వెనక్కి తేవడం ఎవరివల్లా కాలేదు.

నాలుగు నెలలకు అక్కకు వాళ్లాయన ఉత్తరం వచ్చింది. పనిచేసే కంపెనీ మూతపడి, ఇంకోచోట పని దొరికేదాకా మొహం చెల్లక రాయలేదట. రెండు ఎండాకాలాలు పోయాక ఒక మిట్టమధ్యాహ్నం ఆయన నిజంగానే బస్సు దిగాడు. అక్క పరుగెత్తలేదు సరిగదా, బీడీల చాట మీదినుంచి తలెత్తకుండానే, "బోరింగు కాడ కాళ్లు కడుక్కోని రా, బువ్వ పెడ్త" అంది. గోడ ఇవతల నిలబడి విన్న మేమంతా ఏడ్చామో నవ్వామో ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు ఆ ఊళ్లో బీడీలు చుట్టేవాళ్లు తక్కువ. మా వసారాలో కూర్చున్నవాళ్ల బిడ్డలు, మనవరాళ్లు పెద్ద చదువులు చదివి, ఎవరి పుస్తకం వాళ్లే చదువుకుంటున్నారు, అది నాకెంతో సంతోషం. కోరిన పుస్తకం రెండు రోజుల్లో గడపలోకి వస్తోంది. అక్షరాలు ఆనకపోతే ఫోనులో పెద్దవి చేసుకుని చదువుతున్నాను. అయితే ఆ రోజుల్లో ఒక్క నవల పన్నెండు మందికి నెలంతా సరిపోయేది, ఏ మాట దగ్గర ఎవరి కళ్లు చెమర్చాయో అందరికీ తెలిసేది. ఇప్పుడు మా ఇంట్లో మా ఆయన, కోడలు, నేను ముగ్గురం మూడు గదుల్లో మూడు పుస్తకాలు చదువుతుంటాం. ఒక్కోసారి అటుగా వెళ్తూ చూస్తే మా కోడలు పుస్తకంలోంచి తలెత్తకుండా తనలో తానే నవ్వుకుంటుంటుంది. ఎందుకు నవ్వుతున్నావమ్మా అని అడగాలని నోటిదాకా వస్తుంది గాని, చదువు చెడగొట్టినదాన్నవుతానేమోనని చప్పుడు చేయకుండా నా గదిలోకి వచ్చేస్తాను.