మాటల మాస్టారి మతిమరుపు

మాస్టారికి మతిమరుపు. ఇది ఆయనంటే గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. అసలు గిట్టనివాళ్లే లేరు. ఉన్నా, ఆ సంగతి ఆయనకు గుర్తుండేది కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని బడంతా వెతికేవారు. ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడుక్కుని, "ఇవెవరి చెప్పులో, కరుస్తున్నాయి" అనేవారు. గడియారం తలకిందులుగా కట్టుకుని, పొద్దున్న పదింటికి చూసుకుని, "అరెరె, నాలుగున్నర! ఇక ఇంటికెళ్లాలి" అని సంచీ సర్దుకునేవారు.

ఆయన ఉద్యోగం పిల్లల చేత మాట్లాడించడం. కాగితాల మీద స్పీచ్ థెరపిస్టు. మాటలు ఆలస్యమైనవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, ఇంట్లో గలగలలాడి బడి గేటు దాటగానే నోటికి తాళం వేసుకునేవాళ్లు, వీళ్ల కోసం సోమ, గురువారాల్లో ఈ బడికి వచ్చేవారు. మిగతా రోజులు వేరే బళ్లు. పిల్లలు పెట్టిన పేరు మాటల మాస్టారు. స్టాఫ్ రూములో పెట్టిన పేరు మరుపు మాస్టారు. రెండింటికీ పలికేవారు.

ఆయనకిచ్చిన గది ఒకప్పటి ఆటసామాన్ల గది. గాలి పోయిన బంతులూ, చిరిగిన వలా ఒక మూల. పొట్టి బల్ల, రెండు పొట్టి కుర్చీలు, ఒక అద్దం ఇంకో మూల. రెండో తరగతికీ దానికీ మధ్య ఒక తలుపుంది. దానికి గడియ పడదు. ఆ రెండో తరగతి టీచరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో సిగ్గుపడవలసినదంతా ఆమె వంతుకే వచ్చింది.

టీచరు మంచిది. ఆమె బీరువాలో సుద్దముక్కలు కూడా పొడుగు ప్రకారం వరసలో నిలబడేవి. ఒకటే లోపం. ఎదుటివాళ్ల తప్పు చూసి ఊరుకోలేదు, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. నత్తి ఉన్న పిల్లవాడు వచ్చి, "టీచర్, నాకు ప్... ప్..." అనేలోగా పెన్సిలు, పుస్తకం, పలక వాడి ముందు పెట్టేసి, "ఇంకేం కావాలి నాన్నా?" అనేది. వాడికి కావలసింది పక్కవాడి మీద ఫిర్యాదు చెప్పడం. ఆ సంవత్సరమంతా వాడికి పెన్సిళ్లు మాత్రం దండిగా దొరికాయి.

అలాంటి టీచరుకు అలాంటి మాస్టారు పక్కగదిలో దొరికారు. ఆయన "నా కళ్లజోడెక్కడ?" అనడం ఆలస్యం, తలుపు సందులోంచి గొంతు వచ్చేది.

"నెత్తిన చూసుకోండి మాస్టారూ!"

"అవునమ్మా, ఇక్కడే ఉంది" అని ఆయన నిట్టూర్చేవారు.

"ఈ సబ్బునీళ్ల సీసా మూత రావడం లేదేమిటో..."

"ఎడమవైపు తిప్పండి మాస్టారూ! ఉండండి, నేనే వస్తున్నా!"

టీచరు వచ్చి మూత తీసి, పిల్ల చేతికి సీసా ఇచ్చి, మాస్టారి చెప్పులు సరిగ్గా పెట్టి, చేతి గడియారం తిప్పి కట్టి వెళ్లేది. ఆయన మూడుసార్లు ఆమెను వరండాలో ఆపారు కూడా. "టీచరమ్మా, నువ్వు కాస్త..." అని మొదలుపెట్టారు. "తలుపు దగ్గరగా వెయ్యమంటారు, అంతేగా? అలాగే మాస్టారూ" అని ఆమె ముగించింది. ఆయన కాసేపు ఆమెను చూసి, తలూపి వెళ్లిపోయారు.

టీచరు బెంగంతా కిటికీ పిల్ల గురించి. ఆమె తరగతిలో ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది కనక ఆ పిల్లకా పేరు. బడిలో చేరి నాలుగు నెలలైంది, ఒక్క మాట లేదు. ఇంటి దగ్గర మాటలతో వాళ్లమ్మకు ఊపిరాడనివ్వదట. బడిలో మాత్రం దాహం వేసినా వేలితో చూపించడమే. సంవత్సరం చివరికి కూడా మాట్లాడకపోతే వేరే బడికి పంపించమంటారేమోనని తల్లి గేటు దగ్గర కళ్లు తుడుచుకునేది. టీచరు అది రోజూ చూసేది. ఈ పిల్లకు మాటలు తెప్పించవలసిన మనిషికి తన చెప్పులు ఏ కాలివో తెలియవు! మాస్టారిని మార్చితే తప్ప లాభం లేదనుకుంది.

కూర్చుని పెద్దమేడమ్‌కి ఉత్తరం రాసింది. తారీఖుల వారీగా, అంకెలు వేసి, మాస్టారు మర్చిపోయినవి ముప్పైరెండు. కింద పేరు పెట్టడానికి మొహమాటపడి 'ఒక శ్రేయోభిలాషి' అని పెట్టింది. ఎవరికీ తెలియదనుకుంది. ఎడమవైపు స్కేలుతో ఎర్రగీత, కుడివైపు మూల తారీఖు, తప్పుల కింద రెండేసి గీతలు, బడి మొత్తం నల్లబల్లల మీద రోజూ చూసే గుండ్రటి చేతిరాత. బడి బంట్రోతు కూడా కవరు చూసి, "టీచరమ్మ ఉత్తరం వచ్చిందండీ" అనే ఇచ్చాడు.

పెద్దమేడమ్ ఆమెను పిలిపించారు. "ఎవరో శ్రేయోభిలాషి రాశారమ్మా. మీరైతే పక్కగదిలోనే ఉంటారు. రేపు గురువారం, ఆయన గదిలో మూల కూర్చుని చూసి చెప్పండి. మీ క్లాసు నేను చూసుకుంటాను. ఒక్కటే షరతు."

"నిష్పక్షపాతంగా ఉండమంటారు, అంతేగా మేడమ్?"

"కాదు. నోరు విప్పకూడదు. మీరు సరిదిద్దేస్తుంటే ఆయనకి మరుపుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

మర్నాడు టీచరు గాలి పోయిన బంతుల పక్కన కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది. కిటికీ పిల్ల వచ్చి ఎదురుగా పొట్టి కుర్చీలో కూర్చుంది. మాస్టారు సబ్బునీళ్ల సీసా మూత గట్టిగా బిగించి పిల్లకిచ్చారు. ఒకటి, అని రాసుకుంది టీచరు. బొమ్మ గీయమని కాగితం ఇచ్చి పెన్సిలు ఇవ్వలేదు. రెండు. బొమ్మల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, పిల్లిని చూపించి, "ఓహో, ఏనుగు" అన్నారు. మూడు. పిల్ల పెదవి కదిలింది. టీచరు నాలుకను పళ్ల మధ్య నొక్కిపెట్టింది. పదిహేడు దాకా వచ్చేసరికి ఆమె నోరు పొంగబోయే పాలగిన్నెలా ఉంది.

"నా కళ్లజోడేదబ్బా?" అన్నారు మాస్టారు, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని.

టీచరు పైట చెంగు నోట్లో కుక్కుకుని తల వంచుకుంది. అప్పుడు కనిపించాయి, బల్ల కింద మాస్టారి చేతులు. ఆయన వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తున్నారు. ఒకటి, రెండు, మూడు... పది అయ్యాక మళ్లీ మొదటి నుంచి. పైన మొహం మాత్రం కళ్లజోడు కోసం దిగులుగా గదంతా చూస్తోంది. మూడోసారి ఏడో వేలు దగ్గర, చీమ నడిచినంత చప్పుడు వినిపించింది.

"తాతా. నెత్తి మీద."

మాస్టారు ఎగిరి గంతెయ్యలేదు, పిల్ల మాట్లాడిందని కేకలు పెట్టలేదు. నెత్తి తడుముకుని, "అబ్బ, ఎంత చక్కగా చెప్పావు!" అని, జేబులోంచి ఒక నక్షత్రం స్టిక్కరు తీసి పిల్ల చేతి మీద అంటించారు, అంతే.

"అది ఏనుగు కాదు. పిల్లి. పుస్తకం తిరగేసి పట్టుకున్నావు. చెప్పులు కూడా తప్పు. పెన్సిలివ్వకపోతే ఎలా గీస్తారు?" పిల్ల నాలుగు నెలలుగా దాచుకున్నవన్నీ గుసగుసగా వరసపెట్టి చెప్పింది.

మాస్టారు ప్రతిదానికీ, "నిజమే సుమా!" అని ఆశ్చర్యపోయారు. ఎన్నడూ ఏ పిల్లనూ 'మాట్లాడు' అనని మనిషి ఆయన. తప్పు చేసి కూర్చునేవారు. దిద్దకుండా ఉండలేక పిల్లలే నోరు తెరిచేవారు.

టీచరుకు తల కొట్టేసినట్టయింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల పెదవి ఎన్నిసార్లు కదిలి ఉంటుంది? సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి 'నెత్తిన చూసుకోండి!' అని అరిచిందెవరు? మూత తీసి ఇచ్చిందెవరు? పిల్ల నోటి దాకా వచ్చిన మాటను లాక్కున్నది కాక, ఆ నేరం మాస్టారి మీద వేసి, ఎర్రగీత కొట్టి, రెండేసి గీతలు గీసి మరీ రాసింది. భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. మెల్లిగా లేచి, పదిహేడు తప్పుల కాగితం పిడికిట్లో నలిపి బయటికొచ్చింది.

ఉత్తరం వెనక్కి అడుగుదామంటే పెద్దమేడమ్ మర్నాటి నుంచి బుధవారం దాకా ట్రైనింగుకు వెళ్లారు. ఉత్తరం ఆవిడ సొరుగులో ఉంది. ఆ వారం టీచరు ఆ సొరుగున్న గది ముందునుంచి కాక పెరటి దారిన తిరిగింది. సోమవారం మాస్టారు ఎదురై, "బావున్నావా తల్లీ?" అంటే గోడకేసి చూస్తూ, "బావున్నానండి" అంది. తరగతిలో నత్తి పిల్లవాడు వస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ఇంట్లో భర్త, "నేనేమంటానంటే..." అంటే మాట అందుకోకుండా వేళ్లు ముడుచుకుంది. ఆయన హడలిపోయాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"లేదండీ, చెప్పండి. వింటాను."

"నాకు టీలో చక్కెర వద్దు. పెళ్లైన దగ్గర్నుంచీ చెబుదామనుకుంటున్నాను" అన్నాడతను.

ఆమె వంటగదిలోకి వెళ్లి చక్కెర డబ్బాను చూస్తూ చాలాసేపు నిలబడింది.

మళ్లీ గురువారం సాయంత్రం. బడి వదిలారు. తల్లి రాలేదని కిటికీ పిల్ల తన చోటే కూర్చుని ఉంది. ఇంకా తరగతిలో నోరు విప్పడం లేదు, పక్కగదిలో మాత్రమే. మాస్టారు ఒక కాగితంతో లోపలికొచ్చి, తన సంచీ టీచరు బల్ల మీద పెట్టారు. కాగితానికి ఎడమవైపు ఎర్రగీత ఉంది.

"పెద్దమేడమ్ ఇచ్చారమ్మా. నా కళ్లజోడు కనబడటం లేదు. ఇదెవరు రాశారో కాస్త చూసి పెట్టు."

కాగితం ఆమె ముందు పెట్టారు. కళ్లజోడు నెత్తినే ఉంది. టీచరు కాగితం వంక చూసింది, ఆయన చేతుల వంక చూసింది. ఆయన వేలు ఒకటి ముడుచుకుంది. రెండు. మూడు. ఆయన మొహంలో కోపం లేదు, తొందర లేదు. రోజంతా నిలబడగలిగేలా ఉన్నారు. తొమ్మిదో వేలు దగ్గర ఆమె నోరు తెరిచింది.

"కళ్లజోడు మీ నెత్తిన ఉంది మాస్టారూ. ఆ ఉత్తరం... నేనే రాశాను."

"అబ్బ, ఎంత చక్కగా చెప్పావు!" అని మాస్టారు జేబులోంచి నక్షత్రం తీసి ఆమె చేతి మీద అంటించారు.

టీచరు ఏడవబోయి నవ్వేసింది. "ముందే నన్ను నోరు మూసుకోమని చెప్పొచ్చుగా మాస్టారూ?"

"మూడుసార్లు చెప్పబోయాను తల్లీ. మూడుసార్లూ నువ్వే ముగించావు." ఆయన ఉత్తరం మడిచారు. "మేడమ్‌తో మాట్లాడానులే, నువ్వేం బెంగపెట్టుకోకు. ఇది నేను దాచుకుంటాను. ఏ రోజు ఏం నాటకమాడానో నేనెప్పుడూ రాసుకోలేదు. ఒక్క తొమ్మిదోది మాత్రం కొట్టెయ్. అది నిజంగానే మర్చిపోయాను."

"ఏది నిజమో ఏది నాటకమో ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

"ఈ మధ్య నాకూ తెలియడం లేదమ్మా" అంటూ ఆయన బల్ల మీది సంచీ అందుకుని వెళ్లిపోయారు.

టీచరు కిటికీ దగ్గరికెళ్లి చూసింది. మాస్టారు ఆటస్థలం మధ్యలో నడుస్తున్నారు. ఆయన భుజాన ఉన్నది ఆమె సంచీ. అందులో ఆమె ఇంటి తాళంచెవి, హాజరు పట్టీ, దిద్దవలసిన నలభై పుస్తకాలు ఉన్నాయి. ఆయన సంచీ బల్ల మీదే ఉంది. కేక నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన కిటికీ పిల్ల కూడా ఆ సంచీనే చూస్తోంది. టీచరు కేకను మింగేసి వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మాస్టారు గేటు దాటుతున్నారు. అయిదు. ఆయన వెనక్కి తిరగడం లేదు, అయితే నాటకం కాదు, మరుపే. ఏడు. ఇంటి తాళం పోతే పోయింది. ఎనిమిది.

"తాతా! అది టీచర్ సంచీ!"

బడి గోడలు మార్మోగాయి. గేటు దగ్గర పిల్ల తల్లి, అప్పుడే వచ్చినావిడ, నిలబడిపోయింది. మాస్టారు ఆగి, భుజాన ఉన్న సంచీని ఎవరు పెట్టారా అన్నట్టు చూసుకున్నారు.

టీచరు తన చేతి మీది నక్షత్రం జాగ్రత్తగా ఊడదీసి, పిల్ల చేతి మీద అంటించింది.

"అబ్బ, ఎంత చక్కగా చెప్పావు!"