ఆ తోవ నాకెరుకే

అక్షరాలు వచ్చిన కొత్తలో నేను దేన్నీ వదలకుండా చదివేదాన్ని. తార్నాకలో గోడల మీది కాగితాలు, ఆటోల వెనక రాతలు, నూనె డబ్బాల మీద చీమల్లాంటి అక్షరాలు. నాతోపాటు మెస్సులో కూరగాయలు కోసే ఆమె విసుక్కునేది. "నీతోని బజారుకొస్తె పొద్దుగూకుతది. ఒక్కొక్క దుకాణం ముంగట నిలవడి బడి పెడతవ్."

నేను యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో పనిచేస్తాను. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక దొరికే కాస్త ఖాళీలో, పీహెచ్‌డీ చేసే ఒక అమ్మాయి మా పనివాళ్లకు అక్షరాలు దిద్దించింది. మొదట్లో చాలామందిమి కూర్చున్నాం. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. అప్పటికే నాకు యాభై దాటాయి. అంతవరకూ ఫోన్లో మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడి పంపడమే ఎరుగుదును. ఇప్పుడు రాయడం వచ్చింది, కానీ ఎవరికి రాయాలో తెలియలేదు. మా చుట్టాలకు రాస్తే, "గింత రాసుడెందుకు, ఫోన్ చెయ్యరాదు" అనేవారు.

ఆ సంగతి చెప్పుకుంటే నా పంతులమ్మ అంది. "పెద్దమ్మా, మేం దోస్తులం కలిసి ఒక సర్వర్ నడుపుతున్నం. నువ్వు గూడ రా."

"సర్వరా? ఏ హోటల్ల?" అన్నాను.

నాకు తెలిసిన సర్వర్ భుజాన తువ్వాలు వేసుకుని టీ తెచ్చేవాడు మరి. ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకుని చెప్పింది. "మనిషి గాదు పెద్దమ్మా, కంప్యూటర్. ఒక బస్తీ అనుకో. ఏ కంపెనీది గాదు, మనమే నడుపుకుంటం. గిట్లాంటి బస్తీలు మస్తుంటయ్. ఒక బస్తీల ఉన్నోళ్లు ఇంకో బస్తీ వాళ్లతోని మాట్లాడొచ్చు. పడకపోతే నడుమ దర్వాజ మూసుకోవచ్చు."

"మూస్తే?"

"గా బస్తీల ఉన్నోళ్లెవ్వరు మనకు కనవడరు. మనం వాళ్లకు కనవడం."

అట్లా నేనూ ఆ చిన్న బస్తీ మనిషినయ్యాను. పేరు పెట్టుకోమంటే 'మెస్సు' అని పెట్టుకున్నాను. ముఖం చూపించుకోవడం ఇష్టం లేక నా కత్తిపీట ఫొటో పెట్టాను. మెస్సులో ఇన్నేళ్లుగా దాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వలేదు నేను.

మాది విద్యార్థుల బస్తీ. పక్కనే క్యాంపస్‌లో పొద్దున్నే నడిచేవాళ్ల బస్తీ ఒకటి ఉండేది. నెమలి ఎక్కడ కనిపించింది, ఏ చెట్టు పూసింది, ఇవే మాటలు. ఇంకోటి రాయలసీమ నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగాలు, చదువులు చేసుకునేవాళ్లది. చిత్రమేమిటంటే ఎవరూ ఒక్కచోటే ఉండేవారు కాదు. పొద్దున నెమళ్ల దగ్గర కనిపించినాయనే మధ్యాహ్నం రాగిసంగటి దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. సాయంత్రానికి తార్నాకలో నల్లా రాలేదన్న లొల్లిలోకీ వచ్చేవాడు.

నేను ఆ రోజు వండినవి రాసేదాన్ని. ఒకసారి 'అనిగెపకాయ పప్పు' అని రాస్తే సీమ బస్తీ నుంచి ఒకాయన, "అదేం కాయన్నా, యాడ కాస్తాది?" అని అడిగాడు. ఎవరో "సొరకాయ సామీ" అన్నారు. "సొరకాయకు అంత బిల్డప్పా!" అన్నాడాయన. నన్ను 'అన్నా' అన్నాడని గమనించాను. మెస్సు పేరూ కత్తిపీటా చూసి వంటమనిషి మగవాడే అనుకున్నట్టున్నాడు. నేను సరిదిద్దలేదు. అంతమందిలో ఎవరో తెలియకుండా మాట్లాడటం నాకు హాయిగానే ఉంది.

సీమ బస్తీలోనే ఒక అమ్మాయి ఉండేది. చదువుకోవడానికి వచ్చి అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉంటోంది. పెద్దగా రాసేది కాదు. నేనేం వండానో రాస్తే మాత్రం నచ్చిందని గుర్తు పెట్టేది. ఏ రోజైనా ఆ గుర్తు రాకపోతే పప్పులో ఉప్పు తక్కువైందేమో అనిపించేది నాకు.

ఒక సాయంత్రం ఆమె ఒక ఫొటో పెట్టింది. లైబ్రరీ నుంచి గదికి వెళ్లే బాట. రెండువైపులా చింతచెట్లు, నేల నిండా నీడలు. 'ఈడ లైటు వెలగదు. అయినా రోజూ ఈ బాటనే పోవాలనిపిస్తాది' అని రాసింది. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. డ్యూటీ దిగి తార్నాకలో నా గదికి నేను నడిచేదీ సగం దూరం ఆ బాటే. అక్కడ కుక్కలుంటాయి. వెంటనే రాశాను.

'గా తోవ నాకెరుకే. నువ్వు పోయే టైముకు రోజు నేను గాడ్నే ఉంట. జాగ్రత్త బిడ్డా.'

పంపేముందు ఒత్తులూ దీర్ఘాలూ వేలు పెట్టి చూసుకున్నాను. ఒక్క తప్పు లేదు. తృప్తిగా పడుకున్నాను.

రెండో రోజు భోజనాలయ్యాక నా పంతులమ్మ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. సీమ బస్తీని నడిపే పెద్దమనిషి, ఏదో ఆఫీసులో పనిచేస్తాడట, రాసిన ఉత్తరం ఫోన్లోంచి చదివి వినిపించింది. "మీ దాంట్లో కత్తి బొమ్మ పెట్టుకున్న ఒకతను మా పాపను బెదిరించినాడు. ఆ పాప ఫొటో తీసేసి, రూములోంచి బయటికే రాలేదంట. మీరేం చర్య తీసుకుంటారో చెప్పండి. లేదంటే మీ సర్వర్‌కు మాకు సంబంధం లేదు. మూసేస్తాం."

"ఎవడాడు? చేతులిరగ!" అన్నాను.

ఆ పిల్ల ఫోన్ నా వైపు తిప్పి చూపించింది. తర్వాత మెల్లగా అంది. "నువ్వే పెద్దమ్మా."

కూరగాయలు కోసే ఆమె నవ్వు ఆపుకోలేక గోడకు ఒరిగిపోయింది. "కత్తి వట్టి పోరిని బెదిరించినవా? నిన్ను జూస్తె మెస్సుల పిల్లి గూడ బెదరదు గదనే!"

నాకు నవ్వు రాలేదు. నా మాటను మళ్లీ చదివాను. ఈసారి నాది కానట్టు, నా గొంతు లేకుండా చదివాను. కత్తి బొమ్మ. పక్కన ఆ మూడు ముక్కలు. 'జాగ్రత్త బిడ్డా' అన్నది బెదిరింపులాగే వినబడింది.

"గొంతుతోని చెప్పు పెద్దమ్మా. రికార్డు చేసి పెడదాం. వింటే అందరికి సమజైతది" అంది పంతులమ్మ.

"రాసి చెడగొట్టిన. రాసే బాగుచేస్త" అన్నాను.

ఆ ఖాళీ అంతా దానికే పట్టింది. నేను మగవాణ్ని కాదనీ, హాస్టల్లో కూరగాయలు కోసే ముసలిదాన్ననీ, కత్తిపీట అందుకే పెట్టుకున్నాననీ, మా దిక్కు బిడ్డా అని ప్రేమతోనే పిలుస్తామనీ రాశాను. సాయంత్రానికల్లా మూడు బస్తీల వాళ్లూ అక్కడే పోగయ్యారు.

"మా తట్టు జాగ్రత్త బిడ్డా అన్నారంటే చెప్పులు ఇడిసి పరిగెత్తల్ల" అని సీమాయన.

"మా నాయినమ్మ అన్నం పెట్టేటప్పుడు బిడ్డా అంటది, దెబ్బలేసేటప్పుడు గూడ బిడ్డా అంటది. చేతుల గంటె ఉన్నదా కట్టె ఉన్నదా సూస్కోవాలె" అని మా బస్తీ పిల్ల ఒకతె.

"కత్తి తీసేసి నెమలిని పెట్టండి, గొడవ వదిలిపోతుంది" అని పొద్దున నడిచేవాళ్లలో ఒకరు.

"నెమలితోని ఉల్లిగడ్డలు గోస్తరా సారూ?" అని నేను.

సీమ పెద్దమనిషి కూడా రాశాడు. "ఏమనుకోవద్దక్కా, అన్న అనుకున్యాం. దర్వాజ తెరిచే ఉంటాది." మా పంతులమ్మ సంబరపడి అందరికీ చాయ్ పోయించింది. ఆ బిడ్డా అన్న మాట మీద ఇంకో రెండు రోజులు సాగింది సరదా. పద్యాలు కట్టినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ అమ్మాయి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేను వండినవి రాస్తున్నా గుర్తు రాలేదు. మెస్సులో ఏ పిల్లయినా కంచంలో సగం వదిలేసి లేస్తే నాకు ఆమే గుర్తొచ్చేది. అడిక్‌మెట్‌లో ఏదో గదిలో తలుపేసుకుని ఉంది. ఏం తింటోందో.

"అందరికి సమజైంది గద పెద్దమ్మా, ఇంకేంది?" అంది పంతులమ్మ.

"అందరికెందుకు? ఆమెకు గావాలె."

ఆమెకే నేరుగా రాస్తానన్నాను. పంతులమ్మ ఒప్పుకోలేదు. "బెదిరినామె ఎనక వడితే ఇంకింత బెదురుతది" అంది. నిజమే అనిపించింది. అందుకని సీమ పెద్దమనిషికి రాశాను. 'ఆ బిడ్డకు నా మాటగ చెప్పుండ్రి. డ్యూటీ దిగి నేను గా తోవల నడుస్త, గందుకే అట్ల రాసిన. ఇగ నడువ. మెయిన్ రోడ్డు మీదికెల్లి పోత. ఆమె భయం లేకుంట తిరగాలె.'

అన్నట్టే చేశాను. చుట్టు దారి. బస్సుల పొగ, హారన్లు, ఎక్కి దిగాల్సిన ఫుట్‌పాత్‌లు. గదికి చేరేసరికి మోకాళ్లు సలిపేవి. కూరగాయలు కోసే ఆమె నాతోపాటే నడుస్తూ తిట్టేది. "ముఖం తెల్వని పోరి కోసం నా కాళ్లు గూడ అరగదీస్తున్నవ్."

కొన్నాళ్లకు నా ఒక్కదానికే కనిపించేట్టు ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మెస్సు వెనక మెట్ల మీద కూర్చుని అక్షరం అక్షరం చదువుకున్నాను.

'అమ్మా, మీరు మంచోరని తెలిసింది. అందరూ బిడ్డా అనేదాని గురించే మాట్లాడినారు. మా జేజి, అంటే నాయనమ్మ, కూడా నన్ను బిడ్డా అంటాది. దానికి కాదు నేను భయపడింది. ఆ తోవ నాకెరుకే, నువ్వు పోయే టైముకు నేను ఆడే ఉంటా అన్నారే, దానికి. ఇంతకుముందు వేరే చోట ఒకడు ఇట్లే రాసినాడు. రాసినట్టే వచ్చి నిలబడినాడు. అందుకే అదంతా వదిలేసి ఈ చిన్నచోటికి వచ్చినా.'

మూడు బస్తీల వాళ్లం కలిసి రోజుల తరబడి నవ్విందీ వాదించుకుందీ ఆమెను తాకని మాట గురించి. నేను సంజాయిషీ రాసిందీ దాని గురించే. 'ఎరుకే' అంటే నా దృష్టిలో నేనూ అక్కడిదాన్నే, భయం లేదు అని. ఆమె ఆ మాటలో చూసింది చెట్టు కింద నిలబడ్డ మనిషిని.

అంతకుముందే తీసేయాల్సిన ఆ వాక్యాన్ని అప్పుడు తీసేశాను. ఆమెకు జవాబు రాశాను. 'నువ్వు చెప్పినంక సమజైంది. గా మాట తీసేసిన. ఇగ నీ తోవ నాకు ఎరుక లేదు.'

ఈసారి జవాబు తొందరగానే వచ్చింది.

'మీరు ఆ బాటలోనే నడవండమ్మా. మెయిన్ రోడ్డంటే చుట్టు కదా. మీలాంటోళ్లు ఆడ తిరగతాంటేనే నాకు ధైర్యం. కానీ నేనెవరో కనుక్కోవద్దండి. మీరెవరో నాకు చెప్పొద్దండి.'

ఆ సాయంత్రం నుంచి మళ్లీ ఆ బాటనే నడుస్తున్నాను. అక్కడ లైటు ఇంకా వెలగదు. పుస్తకాల సంచులతో పిల్లలు ఒంటరిగా, జంటగా నన్ను దాటుకుని పోతారు. వాళ్లలో ఆమె ఉండొచ్చు. నేను ఎవరి ముఖంలోకీ చూడను. ముందు ఎవరైనా ఒక్కతే నడుస్తుంటే మాత్రం చెప్పులు కాస్త ఈడ్చి నడుస్తాను, పక్కన నడిచే మా మెస్సు ఆమెతో కూరల సంగతి కాస్త గట్టిగా మాట్లాడతాను. వెనక వచ్చేది ఇద్దరు ముసలమ్మలని ఆ పిల్లకు తిరిగి చూడకుండానే తెలియాలని.