టీవీకి జవాబు

చిత్తూరులో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ టీవీకి జవాబు చెప్పేది.

పక్షవాతంతో మంచాన పడిన భర్త కోసం ఆ పాత డబ్బా టీవీని ఆయన గదిలోకి మార్చారు. నెట్‌లో వీడియోలు చూపించే స్టిక్ దానికి నేరుగా పట్టదు గనక మధ్యలో కన్వర్టర్ పెట్టి, ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు నేనే గుచ్చాను. బొమ్మ అంచులు తెగిపోయి కాణిపాకం స్వామికి కిరీటం కనపడలేదు. "మొగం కనపడతా ఉండాది, సాల్లే నాయనా" అనింది. కాణిపాకం బస్సు మా వీధి చివరే ఆగేది.

ఆయనకు మాట పోయింది. పనిచేసే ఒక్క చేత్తో ఎప్పుడూ ఆమె కొంగు పట్టుకునే ఉండేవాడు. ఆమె లేవబోయి కొంగు లాగితే ఉలిక్కిపడి మూలిగేవాడు. అందుకని ఆమె మంచం పక్కనే నేల మీద కూర్చుని, ఏది వస్తే అది చూసేది. చాలాసేపు రిమోట్ ముట్టుకోకపోతే బొమ్మ ఆగిపోయి, 'ఇంకా చూస్తున్నారా?' అని తెర మీద పడేది.

"యాడికి పోతాను నాయనా, ఈడే ఉండాను" అని చెప్పి, అప్పుడు బటన్ నొక్కేది.

ఆ ప్రశ్న రాకుండా చేసిపెడతానన్నాను. "ఒద్దులే. నన్ను అడిగేది అదొకటే" అనింది.

ఆయన పోయాడు. ఏడాది కర్మ కూడా అయిపోయాక ఒక ఉదయం ఆటో పిలిచి, "అమ్మా, కాణిపాకం పోదాం రాండి" అన్నాను. ఆమె అదే చోట, నేల మీదే కూర్చుని ఉంది. కొంగు ఖాళీ మంచం మీద పరిచి ఉంది.

"లేస్తే లాగినట్టవతాది నాయనా" అనింది.