పడవలో ముందు సీటు

ఎనభైల మొదట్లో ఒక వసంతంలో, మంచు కరిగి ఉధృతంగా పారుతున్న అమెరికాలోని మోంటానా రాష్ట్రపు నదిమీద ఒక రోజంతా పడవలో గడిపాను. నా వీసా ఇంకో నెలలో అయిపోతుంది. గ్రీన్‌కార్డు కాగితాల మీద మా మేనేజరు సంతకం చేయాలి. ఆఫీసులో ఆరుసార్లు అడిగాను, చేయలేదు. చేపలవేటకు రమ్మంటే కాదనలేక వెళ్లాను.

మేనేజరు వేటకు అనువైన ముందు సీటు దగ్గర నిలబడి, ఈకలతో కట్టిన ఈగలాంటి ఎరను నీటిమీదికి విసురుతున్నాడు. నేను వెనక సీట్లో ఉన్నాను. మధ్యలో తెడ్లు వేస్తున్న, అద్దె పడవ నడిపే ముసలాయన మా ఇద్దరికీ కొత్త.

మధ్యాహ్నం శాండ్‌విచ్‌లు తిన్నాక ముసలాయన, "ఇక సీట్లు మారండి. నా పడవలో అదే పద్ధతి" అన్నాడు.

"ఇతనికెందుకు? చేపే తినడు. పడితే దానికి దణ్ణం పెడతాడు!" మేనేజరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ముసలాయన లంగరు వేశాడు. ప్రవాహం మధ్యలో పడవ ఆగింది. వెనక్కి తిరిగి, "మీకు ముందుకు రావాలని ఉందా?" అని నన్నే అడిగాడు.

"వద్దని చెప్పవయ్యా, టైమ్ వేస్ట్" అన్నాడు మేనేజరు.

వద్దంటే సంతకం దొరికేదేమో.

"ఉంది" అన్నాను.

సాయంత్రం దాకా ముందు నిలబడ్డాను. ఒక్క చేపా పడలేదు. మేనేజరు తర్వాత సంతకమూ చేయలేదు.

ఆ ముసలాయన మీద నాకిప్పటికీ కోపమే. అడక్కుండా ఉంటే వెనకే కూర్చుని, నోరు మూసుకుని, ఆ సంతకం ఇంటికి తెచ్చుకునేవాణ్ణి.