ఆలస్యం చెప్పే సంగతి

ఈసారి బిలాస్‌పూర్ స్టేషన్ ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతుంటే సీపత్ వైపు పోయే బొగ్గు గూడ్సు కూత పెట్టింది. నా కళ్లు వాటంతటవే వాచీ మీదికి పోయాయి. నలభై దాటినా వదలని ఈ అలవాటు అప్పారావు మావయ్య అంటించినది. ఆయన చుట్టం కాదు, మా పక్క క్వార్టర్‌లో ఉండేవారు. రైల్వే కంట్రోల్ ఆఫీసులో కూర్చుని, ఏ బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి చేరిందో చార్టు మీద గీయడం ఆయన డ్యూటీ.

నా పదకొండో ఏట, వేసవి సెలవుల్లో ఒక నోటుబుక్కు ఇచ్చి, మా పెరటి గోడ అవతల వెళ్లే బళ్ల వేళలు రాయమన్నారు. ఒక మధ్యాహ్నం ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కల ధ్యాసలో పడి ఒక బండిని చూడలేదు. అంత తెలివైనదాన్ని కదా, టైంటేబుల్ చూసి వేసేశాను. పట్టాల మీదికి గేదెలు రావడంతో ఆ బండి ఊరి బయటే అరగంట ఆగిపోయిందట. నా పుస్తకంలో మాత్రం ఠంచనుగా వచ్చింది. సాయంత్రం అది చూసి ఆయన కోప్పడలేదు.

“సూడనిది ఖాళీగా ఒగ్గీవే తల్లీ. లేటంటే తప్పేటి కాదు. దారిలో ఏటయిందో అదే సెప్తాది. నువ్వు దాని నోరు నొక్కీసినావు.”

సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నేను రాసేవి పల్సార్ల వేళలు. పల్సార్ అంటే పేలిపోయిన నక్షత్రంలో మిగిలిన ఉండ. గిరగిరా తిరుగుతూ, గడియారంలా తప్పకుండా రేడియో స్పందనలు పంపుతుంది. పీహెచ్‌డీలో నేను పరిశీలించిన పల్సార్‌కి జంటగా మరో చిన్న నక్షత్రం ఉంది. థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా, కొన్ని స్పందనలు సెకనులో లక్షో వంతు ఆలస్యంగా కనిపించాయి. పరికరం లోపమనుకున్నాను. తీసేస్తే గ్రాఫు చక్కగా ఉంటుంది, ఉంచితే థీసిస్ ఆగిపోతుంది. తీసేద్దామనే నిశ్చయించుకుని, రిటైరై బిలాస్‌పూర్‌లోనే మోప్కాలో ఉంటున్న మావయ్యకి ఫోన్‌లో ఆ మాటే చెప్పాను.

“అచ్ఛా. ఆ లేటు ఎప్పుడూ ఒకే కాడ అవుతందా?” అన్నారాయన.

మళ్లీ చూశాను. ఒకే చోట. పల్సార్ తన జంట వెనక్కి వెళ్లినప్పుడల్లా, ఆ జంట పక్కనుంచి రావలసిన స్పందనలే, దాని బరువుకి దారి సాగి, ఆలస్యమవుతున్నాయి. ఆ ఆలస్యంతో జంట బరువు తెలిసింది. అవి రెండూ తిరిగే తీరుతో కలిపి లెక్కిస్తే పల్సార్ బరువూ తేలింది. ఊరంత ఉండలో ఇద్దరు సూర్యుల బరువు! నేను చెరిపెయ్యబోయింది ఆ తూకాన్నే. థీసిస్ ఆర్నెల్లు వెనకబడింది. ఎందుకు లేటని అడిగినవాళ్ల మీద నాకు కోపం రాలేదు.

పోయినేడు మావయ్య పోయారు. ఆ రోజు టెలిస్కోపు దగ్గర నా వంతు. కానీ నేను బిలాస్‌పూర్ వచ్చే రైల్లో ఉన్నాను. తరవాత నా విద్యార్థిని ఆ రోజు వేళలు లెక్కకట్టి నింపేద్దామంది. వద్దన్నాను. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.