ఆళ్లగడ్డ పిల్లను ఆపిన సారు

నంద్యాలలో నాకు రోయింగ్ నేర్పిన సారు మిలటరీలో పనిచేసి వచ్చినవారు. ప్రతి సోమవారం చెరువు గట్టున మమ్మల్ని నిలబెట్టి, "నిద్ర బాగా పట్టిందా? యాడన్నా నొస్తాందా?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. మా జవాబును బట్టే ఆ వారం ఎంత దూరం తెడ్డు వేయాలో నిర్ణయించేవారు. ఎక్కువసార్లు తగ్గించేవారే గాని పెంచేవారు కాదు.

రాష్ట్ర జట్టు ఎంపికలకు ముందు వారం కూడా అలాగే అడిగారు.

"దగ్గితే పక్కటెముక కాడ కొంచెం నొస్తాంది సార్, అంతే" అన్నాను.

ఆయన నా చేతిలోని తెడ్డు తీసుకున్నారు. "ఈ వారం పడవ ఎక్కొద్దు."

"ఎంపికలుండాయి కద సార్!"

"ఉండనీమా. ఎముక ఇరిగితే మళ్లా తెడ్డే పట్టలేవు."

ఎక్స్‌రేలో సన్నని పగులు కనిపించింది. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నాను. ఊరొచ్చిందని కండక్టర్ చెప్పేదాకా తెలియలేదు.

మరుసటి ఏడాది జట్టులోకి వచ్చాను. శిక్షణ శిబిరం నుంచి తిరిగొచ్చేసరికి సారు గుండెపోటుతో పోయారు. పలకరించడానికి ఇంటికి వెళితే, ఆయన భార్య టీ ఇచ్చి నన్ను పరీక్షగా చూశారు.

"ఆళ్లగడ్డ పిల్లవు నువ్వేనా? నిన్ను ఆపిన దినం ఆయన అన్నం ముట్టల్యా. 'పాప ఆశంతా నా చేత్తోనే తుంచేస్తి' అని ఒకటే బాధపడినాడు."

నేను తలూపాను. చల్లారిపోయిన ఆ టీ మొత్తం తాగేశాను.